ఉప్పునీటి యూళ్లలో సబ్బునీరు

బందరునకు దాపున, సముద్రపుటంచున నున్న గిలకలదిండిలో సబ్బునుగూర్చి మాటలాడవలెనన్న ముందుగా నీటినిగూర్చి మాటలాడవలెను. ఇచ్చట బావి త్రవ్విన నుప్పునీరు పడును. కాలువ పాఱు దినములలో చెరువులు నిండును. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు ఆ చెరువునీటినే పొదుపుగా వాడుకొనవలెను. త్రాగుటకును వంటకును తీపినీటిని దాచి, అంట్లకును బట్టలకును బోరునీటితో సరిపెట్టుకొనుట తీరపు టిండ్లలో వాడుకయే. ఆ నీటితో నెంత సబ్బు రుద్దినను నురుగు రాదు. నురుగు రాలేదని గృహిణి మఱికొంత రుద్దును. రుద్దినకొలది సబ్బు అరగునే కాని మురికి వదలదు. బట్ట యాఱిన పిమ్మట దానిపై బూడిదవంటి పొర కనుపించును. తుదకు "ఈ సబ్బు మంచిది కాదు" అని యామె మఱియొకదానిని కొనును.

దుకాణములలో నిపుడు రంగురంగుల ద్రవములు సీసాలలో బారులు తీరి యున్నవి. చేతుల కొకటి, తల కొకటి, అంట్ల కొకటి, బట్టల కొకటి, నేల కొకటి. వీనిలో నేది కొనదగినది, ఏది యింట చేసికొనదగినది, ఏది చేసికొనరానిది యను నంశములను మా సోదరీమణులకు దెలుపదలచితిమి. ఇందు డబ్బు సంగతి కొంత కలదు. పిల్లల ప్రాణము సంగతియు కలదు.

మన నీటిలో రెండు దోషములు కలిసి యుండును. మొదటిది కాఠిన్యము, అనగా సున్నపు లవణములును మెగ్నీషియపు లవణములును కరగియుండుట. సబ్బు నూనెలోని యామ్లము క్షారముతో గలియగా నేర్పడిన పదార్థము. అది కఠినజలమున బడగనే ఆ సున్నముతో జతగూడి, విఱిగిన పాలవంటి తెట్టుగా మాఱిపోవును. సున్నమంతయు నట్లు తీఱినపిదపగాని నురుగు పుట్టదు. బట్టపై గనుపించు బూడిదపొర ఆ తెట్టే. రెండవది ఉప్పు. సబ్బు చేయు కర్మాగారములలో ఉడికిన సబ్బును నీటినుండి వేఱుచేయుటకు బానలో నుప్పే వేయుదురు. సబ్బు పైకి తేలిపోవును. ఆ పనినే మన బావినీరు మనకు జెప్పకుండ చేయుచున్నది. 1864 నవంబరు 1వ తేదీని బందరును, 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెనలలో సముద్రమే చెరువులలోనికి వచ్చెను. ఉప్పెన లేనియేటను, కొంచెము కొంచెముగా నేలలోపలినుండి యది మన బావులలోనికి వచ్చుచునే యున్నది.

నీటిని కాచిన కాఠిన్యములో గొంతభాగము పోవును, ఉప్పు పోదు. బట్టల బకెట్టులో నొక చెంచాడు ఉతుకుసోడా ముందుగా గలిపి, కొంతసేపు నిలిపి, పిమ్మట సబ్బు వేసిన సబ్బు ఖర్చు తగ్గును. అన్నిటికంటె మేలైనది వానచినుకు. తొలివానలు వదలివేసి, కప్పు కడిగినపిదప పట్టిన వర్షపునీటిలో కాఠిన్యమును లేదు, ఉప్పును లేదు. ఆ నీటితో నరబిళ్ల సబ్బు చేయు పని బోరునీటితో రెండుబిళ్లలు చేయజాలవు.

ఇంకొక విశేషము కలదు. అన్ని నూనెల సబ్బులును ఉప్పునీటి కొకేరీతిగా లొంగవు. కొబ్బరినూనె సబ్బు తక్కినవానికంటె నీట బాగుగా గరగును. అందుచే సముద్రపునీటిలో సహితము కొంత నురుగు నిచ్చును. పూర్వము ఓడలవారు స్నానమునకు కొబ్బరినూనె సబ్బునే తీసికొనిపోయెడివారు. కోనసీమయు దివిసీమయు కొబ్బరికి పెట్టినది పేరైయుండగా, ఉప్పునీటికి మందు మన దొడ్లలోనే కాయుచున్నదని చెప్పుకొనవచ్చును.

ఇక సీసాలలోని ద్రవముల మాట. సీసాపై "సబ్బు" అని వ్రాసియున్నను లోపలిది సబ్బు కాకపోవచ్చును. తఱచుగా కాదు కూడ. ద్రవరూపమున సబ్బు చేయు పద్ధతికి 1865లో అమెరికాలో విలియం షెపర్డు అనునతడు పేటెంటు పొందెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున జర్మనీలో క్రొవ్వులు కఱవై, సబ్బు కాని శోధకములకై వెదకులాట మొదలయ్యెను. ఆ వెదకులాట ఫలమే నేటి డిటర్జెంటు. మనదేశమున 1959లో సర్ఫును, 1969లో నిర్మాయు వచ్చినవి. నేడు అంట్ల ద్రవములును, షాంపూలును, చేతులు కడుగుకొను ద్రవములలో బెక్కులును డిటర్జెంటు జాతివే. వీనిని మేము నిందింపము. కఠినజలములో నివి తెట్టు కట్టవు. కావున గిలకలదిండి బోరునీటికి సబ్బుకంటె నివియే యెక్కువ యనుకూలములు. అయితే తానేది కొనుచున్నదో గృహిణి యెఱిగి కొనవలెను.

దీనికి మన వంటింటనే రెండు పరీక్షలు కలవు. పసుపును సున్నమును కలిపిన నెఱ్ఱని పారాణి యగునని యెఱుగని యాడుది తెలుగుదేశమున లేదు. క్షారము తగిలిన పసుపు ఎఱ్ఱబాఱుననుటయే యందలి రహస్యము. తెల్లకాగితముపై పసుపునీరు పూసి యారబెట్టి, దానిపై నీ సీసాలోని ద్రవమును నీటిలో గలిపి యొక చుక్క వేయుము. ఎఱ్ఱబాఱినచో అందు క్షారమున్నది. నిజమైన సబ్బు తప్పక ఎఱ్ఱజేయును. పసుపు పసుపుగానే యున్నచో అది డిటర్జెంటు ద్రవము. రెండవది నిమ్మకాయ. గాజుగ్లాసులో తేటగా నున్న సబ్బునీటిలో నాలుగు చుక్కల నిమ్మరసము పిండిన సబ్బు విఱిగి పాలవలె తెల్లబాఱును, కొంతసేపటికి జిడ్డు పైకి తేలును. డిటర్జెంటు తేటగానే యుండును. ఇంట చేసిన సబ్బులో సువాసనకై నిమ్మరసము పిండుమని చెప్పువారు కలరు. వారి మాట విన్నచో చేసిన సబ్బు మరల నూనె యగును.

సీసాలోని చిక్కదనమును జూచి మోసపోరాదు. ఈ డిటర్జెంటు ద్రవములలో గొన్నిటికి చిటికెడు వంటయుప్పు వేసినంతనే తేనెవలె చిక్కనగును. చిక్కదనము వేఱు, బలము వేఱు. నురుగును అంతే, నురుగు కంటికి తృప్తి, మురికికి గాదు.

బిళ్లసబ్బులపై టీ.ఎఫ్.ఎం. అను లెక్క యుండును. ఆ లెక్క సబ్బులో క్రొవ్వుపాలు నూటి కెన్ని యని తెలుపును. స్నానపు సబ్బులలో మొదటి తరగతిదానికి 76 పాళ్లకు దక్కువ యుండరాదని భారతీయ ప్రమాణము. రెండవదానికి 70, మూడవదానికి 60. ద్రవములపై నీ లెక్క వెదకిన దొరకదు, వానిలో ననేకము సబ్బే కావు గనుక. ఇక "క్రిములను జంపును" అను పెద్ద యక్షరములకు విలువ నీయ నక్కఱలేదు. అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ 2016లో ట్రైక్లోసాన్ మొదలగు 19 క్రిమినాశక ద్రవ్యములను ఇంటి సబ్బులలో వాడరాదని నిషేధించెను. మామూలు సబ్బు నీళ్లకంటె నవి యెక్కువ మేలు చేయునని తయారీదారులు చూపలేకపోయిరి. చేతులను సబ్బుతో ఇరువది సెకనులు తక్కువగాకుండ రుద్ది కడుగుటయే ముఖ్యము. సీసా ఖరీదు దానికి బదులు కాజాలదు.

ఇంట చేసికొనదగిన సబ్బునీళ్లలో మేము మొదటి పీట వేయునది కుంకుడుకాయకే. కుంకుడు సబ్బు కాదు. దాని గుజ్జులో సాపోనిను అను పదార్థము స్వభావముచేతనే నురుగునిచ్చును. సున్నపునీటిలో తెట్టు కట్టదు. పదిపండ్రెండు కాయలు గట్టిగా ఎండినవి తీసికొని, పగులగొట్టి గింజలు తీసివేసి, అరలీటరు గోరువెచ్చని నీటిలో రాత్రి నానవేయవలెను. ఉదయమున సన్నని సెగపై పదినిమిషములు కాచి, చల్లాఱిన పిమ్మట పిసికి పలుచని బట్టలో వడియగట్టవలెను. ఇది బయట రెండుదినములకంటె నిలువదు, పులిసిపోవును. ఫ్రిజ్జులో వారమువఱకు పాడుగాదు. తలకు, పట్టుచీరలకు, ఉన్నికి, బంగారపు నగలకు దీనికి సాటి లేదు. కంసాలులు నగలను కుంకుడురసములో ముంచి కుంచెతో రుద్దుట మనము చూచుచునే యున్నాము. కంటబడిన మాత్రము చాల మండును. పిల్లలకు తల యంటునపుడు నుదుటికి తువాలు కట్టుట మంచిది. పొరపాటున బడినచో చన్నీళ్లతో కన్ను బాగుగ కడుగవలెను.

బందరు, పెడన కలంకారీ వస్త్రములు మన జిల్లా సొత్తు గనుక వానిమాట ప్రత్యేకముగా జెప్పవలెను. సంప్రదాయపు అద్దకములో బట్టను కరక్కాయరసములో ముంచుదురు; ఇనుపముక్కలను బెల్లపునీటిలో నానవేసి తీసిన కసిమితో నద్దగా, కరక్కాయతో గలిసి నలుపు పుట్టును. అందువలన నిమ్మపులుపు, చింతపులుపు ఈ నలుపునకు శత్రువు. మరక పోవునని పులుపు రుద్దిన నలుపే పోవును. ఉతుకుసోడా, ఘాటైన బట్టలసబ్బు మొక్కలనుండి తీసిన పసుపురంగులకు శత్రువులు. పారాణి సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. కలంకారీ చీరకు పలుచని కుంకుడునీరు, చన్నీరు, నీడన ఆరబెట్టుట, ఈ మూడే మేము చెప్పునవి. మొదటి రెండు మూడుసార్లు వేఱుగా నుతుకవలెను.

రేవులో చేపలు కోసి, ఎండబెట్టి, గంపలతో నమ్ముకొను స్త్రీలు "ఎంత సబ్బు రుద్దినా చేతి నీచు పోదండీ" అందురు. వారి మాట నిజము, దానికి కారణమును కలదు. నీచువాసన కొక క్షారస్వభావముగల పదార్థము హేతువు; సబ్బు కూడ క్షారమే గనుక దానిని విఱువలేదు. విఱుచునది పులుపు. కావున ముందుగా చన్నీళ్లతో చేతులు కడిగి, చింతపండు పులుసునుగాని నిమ్మచెక్కనుగాని రుద్ది, పిమ్మట సబ్బునీరు వాడవలెను. వరుస తలక్రిందు చేసిన ప్రయోజనము లేదు. మంచుగడ్డలలోను ఉప్పులోను దినమంతయు నానిన చేతులకు పగుళ్లుండిన పులుపు మండును. అట్టివారు నిమ్మకు బదులు పలుచని చింతపండునీటిని వాడి, కడిగిన వెంటనే కొబ్బరినూనె రాచుకొనవలెను. బట్టలకు వాడు ద్రవముతో చేతులు కడుగుకొనుట వారికి బొత్తిగా తగదు.

ఇక నిజమైన ద్రవసబ్బును ఇంట చేయుట. బిళ్లసబ్బును కోరి వేడినీటిలో కరగించి సీసాలో పోసికొను నుపాయము పలువురు చేయుదురు. చల్లాఱగానే అది చీమిడివలె ముద్దగట్టును. నీరు పోసిన పలుచనై పోవును. ఇది చేసినవారి లోపము కాదు. బిళ్లసబ్బు కాస్టిక్ సోడాతో జేయబడును, దాని స్వభావమే గడ్డకట్టుట. ద్రవముగా నిలుచునది కాస్టిక్ పొటాషుతో జేసిన సబ్బు. భేదమంతయు క్షారములో నున్నది.

కొలత యిది. కొబ్బరినూనె 400 గ్రాములు, ఆముదము 100 గ్రాములు. కాస్టిక్ పొటాషు పొట్లముపై శుద్ధి నూటికి 90 పాళ్లని యున్నచో 127 గ్రాములు; 85 పాళ్లని యున్నచో 135 గ్రాములు. నీరు 380 గ్రాములు. వర్షపునీరు గాని, బజారున దొరకు డిస్టిల్డు వాటరు గాని కావలెను, బోరునీరు పనికిరాదు. అన్నిటిని, నూనెలను సైతము, గ్రాములు చూపు త్రాసులో తూచవలెను. చెంచాలతోను గ్లాసులతోను కొలుచువారు ఈ పనికి దిగరాదు. పది గ్రాముల పొటాషు హెచ్చిన నా సబ్బు చర్మమును గాల్చును. పై కొలతలో కొంచెము నూనె మిగులునట్లే లెక్క వేసితిమి.

పొటాషును నీటిలో వేయవలెను. నీటిని పొటాషుపై పోయరాదు, పోసిన పొంగి మొగముపై జిమ్మును. పాత్ర స్టెయిన్‌లెస్ స్టీలుదై యుండవలెను. సత్తుగిన్నె వలదు, క్షారము దానిని తినివేయును, మండు వాయువు పుట్టును. కంటికి అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు, పొడవు చేతుల రవిక, పెరటిలో గాలి వచ్చుచోటు, ఈ యేర్పాటులు లేనిదే పొట్లము విప్పరాదు. నూనెలను 70 డిగ్రీలవఱకు కాచి, పొటాషునీటిని సన్నని ధారగా బోయుచు కఱ్ఱతో గలుపవలెను. మొదట మజ్జిగవలె నుండి, తరువాత గట్టిపడును. ఆ గిన్నెను మఱిగెడు నీళ్లుగల పెద్దగిన్నెలో నుంచి మూడు నాలుగు గంటలు నడుమ నడుమ కలుపుచు నుడికింపవలెను. తెల్లని ముద్ద క్రమముగా పారదర్శకమై, తేనెరంగు జిగురువలె నగును. ఒక చిన్నముద్దను రెండింతల వేడినీటిలో కరగించి చూడవలెను. తేటగా నున్న నుడికినట్లు, నూనెచుక్కలు తేలిన నింకను ఉడుకవలెను. తరువాత పి.హెచ్. కాగితముతో పరీక్షింపవలెను. ఒక పాలు ముద్దను పదిపాళ్ల శుద్ధజలములో కరగించి కాగితము ముంచిన 9, 10 అంకెలనడుమ నుండవలెను. 11 దాటిన దానిని ఒంటికిగాని చేతులకుగాని వాడరాదు. ఇందుకు పసుపు పరీక్ష చాలదు, మంచిసబ్బు సహితము పసుపును ఎఱ్ఱజేయును గనుక.

ఈ ముద్దలో సుమారు లీటరు వేడి వర్షపునీరు కలిపి రాత్రి కదపక యుంచిన రెండులీటర్ల ద్రవసబ్బగును. వారము నిలిపి వాడిన మఱింత తేటపడును. ఇది తేనెవలె నుండదు, నీళ్లవలెనే యుండును. చిక్కదనమునుగూర్చి ముందే చెప్పితిమి. అందులో వేపాకురసము, కలబంద, పాలు, శనగపిండి వేయరాదు, నాలుగుదినములలో కుళ్లును. ఈ సబ్బు చేతులకును, సన్నబట్టలకును మంచిది. ముఖమునకు కొబ్బరినూనె సబ్బు కొందఱికి పొడిచర్మము కలిగించును. అట్టివారికి పాత సున్నిపిండియే మేలు.

పొటాషు ఒంటిపై బడినచో బట్ట తీసివేసి, పాఱుచున్న నీటితో ఇరువది నిమిషములు కడుగవలెను, పులుపు పోయరాదు. కంటబడిన నట్లే కడుగుచు ఆసుపత్రికి బోవలెను. మ్రింగినవారికి వాంతి చేయింపరాదు. లోనికి బోవునపుడు కాల్చినది వెలికి వచ్చునపుడు మఱల కాల్చును. క్షణము జాగు చేయక వైద్యునికడకు తీసికొనిపోవలెను. నడవనేర్చిన బిడ్డగల యింట ఈ పని పెట్టుకొనవలదని మా నిశ్చితాభిప్రాయము. బిడ్డ పెరిగినపిదప సబ్బు చేసికొనవచ్చును, అందాక కుంకుడుకాయలు కలవు.

అంతకంటె సామాన్యమైన యపాయ మొకటి గలదు. బజారున విడిగా నమ్ము ఫినాయిలు, అంట్ల ద్రవము, మరుగుదొడ్డి ఆసిడు తెచ్చి, ఖాళీ కూల్‌డ్రింకు సీసాలలో పోసి వంటింటి మూలనుంచుట. నిమ్మరంగు అంట్ల ద్రవమునకును నిమ్మరంగు పానీయమునకును భేదము నాలుగేండ్ల బిడ్డకు దెలియదు. త్రాగు సీసాలో త్రాగరానిది పోయరాదు. పోయక తప్పనిచో పెద్దయక్షరములతో పేరు వ్రాసిన కాగితమంటించి అటకపై నుంచవలెను. వఱదలు వచ్చి బ్లీచింగు పొడి పంచిపెట్టినపుడు దానిని మరుగుదొడ్డి ఆసిడుతో గలిపిన చాల శుభ్రమగునని కొందఱు తలతురు. రెండును గలియగా క్లోరిను వాయువు పుట్టును. మూసిన గదిలో ఊపిరి తిరుగదు.

డ్వాక్రా సంఘముల స్త్రీలు ఫినాయిలును అంట్ల ద్రవమును చేసి యమ్ముచున్నారు. స్వయముగా నొక రూపాయి సంపాదించు నీ ప్రయత్నమును మేము మెచ్చుకొందుము. కాని వారు వాడు "ఆసిడ్ స్లరీ" పేరులో నున్నట్లే ఘాటైన ఆమ్లము. దానిని సోడాతో సరిపడ విఱిచి, పి.హెచ్. కాగితముతో చూచినగాని అమ్మరాదు. అంట్ల ద్రవముతో నాగక, చేతులకు, ఒంటికి, తలకు వాడు ద్రవములను చేసి యమ్మదలచినచో 2020 నాటి కాస్మెటిక్సు నిబంధనల క్రింద లైసెన్సు కావలెను. ఇది తెలియక సరకు చేసి నష్టపోవుటకంటె ముందే విచారించుట మంచిది.

సబ్బునీరు పాఱు తూముమాట యొకటి మిగిలినది. కుంకుడురసము చేపలకు విషము. వెనుక కొన్నితావుల దానిని నీటగలిపి చేపలను పట్టెడివారు. డిటర్జెంటును వానికి హానికరమే. చేపలపై బ్రదుకు ఊళ్లలో బట్టలుతికిన నీటిని చెరువులోనికిగాని కాలువలోనికిగాని మళ్లింపరాదు. కుంకుడు పిప్పితో ఇత్తడిసామాను తోమి, ఆ నీటిని పెరటిలో నింకుడుగుంతకు వదలవచ్చును.